కొత్త రంగు వేసిన పాత కంప్యూటర్

ఎవరైనా ఫోన్‌లో ఫోటో చూపించి, "అన్నా, గిది ఎంతకు పోతదే?" అని అడిగితే ఇప్పుడు నాకు ఒళ్లు మండిపోతుంది. ముందు వస్తువు తీసుకురా, తర్వాత మాట్లాడదాం అంటాను. తీసుకురాలేనంటే, అయితే ఇంటికి పో అంటాను. నాకు పొగరెక్కిందని బాన్సువాడలో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చిన్నప్పుడు వెయ్యిసార్లు చెప్పింది. వెయ్యిసార్లు విని కూడా బుద్ధి రానివాణ్ని ఏమనాలో మీరే అనుకోండి.

బస్టాండు వెనక సందులో నాది కంప్యూటర్ రిపేరు షాపు. కీబోర్డు మీద చాయ్ ఒలకబోసుకున్నవాళ్లు, పిల్లల హాల్‌టికెట్టు ప్రింటు కావాల్సినవాళ్లు, వడ్లు అమ్మిన పైసలు బ్యాంకులో పడ్డాయో లేదో చూడమనేవాళ్లు, అందరూ నా దగ్గరికే వస్తారు. పాత కంప్యూటర్లకు ధర కట్టడం అనే ఈ రెండో పని నేను వెతుక్కున్నది కాదు. ఊళ్లో ఒక టైపింగు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డప్పుడు, వాళ్లు సామానంతా తుక్కు బండి మీదికి ఎక్కిస్తుంటే అందులో ఒక చిత్రమైన పెట్టె నా కంట పడింది. పిడి పట్టుకుని మోసుకుపోయే రకం, తెర నా అరచేతి కంటే కొంచెం పెద్దది. తూకానికి కొన్నాను. పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఒక చోట చేరి మాట్లాడుకుంటారు, అక్కడ దాని ఫోటో పెట్టాను. మూడో రోజుకల్లా బెంగళూరు నుంచి ఒకాయన కారు వేసుకుని మా సందులోకి వచ్చేశాడు. అనంతపురం వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆ పెట్టెను రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. నేను అడగకుండానే మంచి ధర ఇచ్చి పోయాడు.

అప్పటినుంచి నాకు కళ్లు నెత్తికెక్కాయి. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, మూతపడ్డ బడులు, ఆఫీసుల అటకలు, తుక్కు దుకాణాలు, ఒక్కటి వదల్లేదు. ఏది దొరికినా చూసి, తుడిచి, రాసుకుని, బెంగళూరు ఆయనకు చెప్పేవాణ్ని. మా ఆవిడ "ఇంటి నిండా శవాలే, నువ్వు కాటికాపరివి" అనేది. నవ్వి ఊరుకునేవాణ్ని. ఊళ్లో నాకొక పేరు వచ్చింది కదా, మరి ఆ మాత్రం మాట పడాలి.

ఈ ధర కట్టడంలో ఒక తిరకాసు ఉంది. పాతదంతా బంగారం కాదు. మొన్నమొన్నటి దాకా అందరిళ్లలో ఉన్న దొడ్డు మానిటరు కంప్యూటర్లకు చిల్లిగవ్వ రాదు, అవి తెచ్చినవాళ్లతో నాకు రోజూ పోట్లాటే. తక్కువ తయారై, ఎక్కువ పోయి, ఎక్కడో ఒకటి మిగిలినవాటికే విలువ. ఆ మిగిలినదాన్ని కూడా కొనేవాళ్లు పెళ్లిచూపుల్లో ముసలమ్మల కంటే నిశితంగా చూస్తారు. లోపలి బ్యాటరీ కారి చిలుము పట్టిందా, మూత స్క్రూలు ఎవరైనా తిప్పారా, అడుగున నంబరు చీటీ ఉందా, అట్టపెట్టె ఉందా. అన్నిటికంటే ముందు మనిషి చెయ్యి ఎంత పడిందో చూస్తారు. మురికి ఉన్నా క్షమిస్తారు, బాగుచేస్తే క్షమించరు. ఎండకో వయసుకో ప్లాస్టిక్ పసుపెక్కితే కొంచెం తగ్గిస్తారు, ఆ పసుపు పోగొట్టబోతే మొత్తమే తగ్గిస్తారు. ఇది నాకు మొదట్లో వింతగా తోచింది, తర్వాత అలవాటైపోయింది. అలవాటైన సంగతిని ఎదుటివాడికి చెప్పాలని తోచదు, చూడండి, అక్కడే వచ్చింది నా కొంప మీదికి.

ఎందుకంటే మా దగ్గర లోకం తీరు ఇందుకు పూర్తిగా ఎదురు. మేము మా తాతల కాలంలో నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని గోదావరి జిల్లాల నుంచి వచ్చి కోటగిరి దగ్గర వరి పెట్టుకున్నవాళ్లం. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇక్కడ పాతది ఏదీ పాతగా అమ్మరు. ఎద్దుల్ని అంగడికి తోలే ముందు కొమ్ములు చెక్కి నూనె రాస్తారు. మోటారు సైకిలైతే సీటు కవరు మారుస్తారు. ఇక ట్రాక్టరు సంగతి చెప్పక్కర్లేదు, రంగు వెయ్యకుండా ట్రాక్టరు అమ్మేవాణ్ని మనిషి కింద లెక్కగట్టరు. కొనేవాడికి మర్యాద ఇవ్వనట్టు అది. లోపల ఇంజను ఎట్లా ఉందో ఇద్దరికీ తెలుసు, అయినా సరే రంగు వెయ్యాలి.

ఆ రంగుకు మా తాలూకాలో ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. నేను చాచా అని పిలుస్తాను. బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. పడుచు వయసులో సౌదీ పోయి దమ్మామ్‌లో కార్లకు రంగులు వేసి వచ్చిన మనిషి. రంగు వేశాక బానెట్టు పక్కన సన్నటి ఎర్ర గీత ఒకటి లాగేవాడు, ఈ చివర నుంచి ఆ చివరకు ఊపిరి బిగబట్టి, ఒకే లాగుడు. ఆ గీత చూసి ఇది ఫలానా ఆయన పని అని రైతులు చెప్పేవాళ్లు. మా నాన్న మా పాత ట్రాక్టరు అమ్మేటప్పుడు ఆయన దగ్గరే రంగు వేయించాడు. వేసింతర్వాత చూసి, దీన్ని అమ్మడమెందుకు ఉంచుకుందామా అని ఒక పూటంతా తటపటాయించాడు మా నాన్న. అంత బాగుండేది ఆయన పని.

ఆ చాచా మొన్న ఎండాకాలంలో నా షాపుకు వచ్చాడు. యాసంగి వడ్ల లారీలతో రోడ్డంతా దుమ్ము. రుమాలుతో మొహం తుడుచుకుని, ఫోన్ తీసి, ఒక ఫోటో నా ముందు పెట్టాడు.

"బేటా, జర గిది జూడు. నువ్వు గిసొంటియి అమ్మిపిస్తవట గద."

చూశాను. ఫోన్ చేతిలోకి లాక్కున్నాను. కీబోర్డే కంప్యూటరైన పాత రకం, టీవీకి తగిలించుకుని వాడేది. మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబ్బీ అక్షరాలు. అరబ్బు దేశాల కోసమని తయారైన ఆ రకం ఒకటి దొరకడమే కష్టం. పక్కనే అట్టపెట్టె, నురుగు అచ్చులు, పుస్తకం, రెండు క్యాసెట్లు. ఎవరూ వాడినట్టే లేదు. ఒక పక్క మాత్రం ప్లాస్టిక్ పసుపెక్కింది.

"ఎక్కడిది చాచా ఇది?"

"దమ్మామ్ల కొన్న. వాపస్ వచ్చేటప్పుడు తెచ్చిన. పిల్లలు పుడితే ఆడుకుంటరని. ఇగ అల్లా ఇయ్యలే. అప్పటి సంది అటక మీదనే ఉంది."

"ఇన్నాళ్లు లేంది ఇప్పుడెందుకు అమ్మడం?"

ఆయన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "మీ చాచీ చెవులకు" అన్నాడు.

చాచీకి ఆరేళ్ల కింద ఏదో జ్వరం వచ్చి చెవులు పోయిన సంగతి నాకు తెలుసు. అంతకుముందు ఆమె మాటల పుట్ట. మా ట్రాక్టరుకు రంగు వేసినన్ని రోజులూ నేను షెడ్డులో కూర్చుంటే, ఆమె లోపలి నుంచే "గా దిక్కు సరిగ పడలే, గా దిక్కు మళ్లొకసారి గొట్టు" అని ఆయనకు హుకుములు వేసేది. ఆయన "షెడ్డు నాదా నీదా" అని కసిరేవాడు. ఇద్దరూ పొద్దంతా అట్లా గొడవ పడుతూ నవ్వుకునేవాళ్లు.

"సర్కారు దవాఖానల ఒక మిషన్ ఫిరీగ ఇచ్చిండ్రు. అది కీచు కీచుమని ఒర్రుడే గాని మాట ఇనబడది. నిజామాబాద్‌ల ఒక డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన మంచి మిషన్లు రెండు చెవులల్ల పెట్టి, గంటసేపు బయట తిరిగి రాండ్రి అన్నడు. హోటల్ల కూసున్నం. చాయ్ తాక్కుంట నేను మెల్లగ అన్న బేటా, ఇనబడ్తుందా అని. మెల్లగ! ఆమె ఏడ్చింది. నీ గొంతు ముసల్దైంది అన్నది. గంట అయినంక మిషన్లు వాపస్ ఇచ్చినం. బస్సుల వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడలే."

నేను ఫ్యాను ఆయన వైపు తిప్పాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఆరేండ్ల సంది ఒర్రుతున్న. కూరల ఉప్పు ఎక్కువైందన్నా ఒర్రాలె, నాకు నిద్ర వస్తుందన్నా ఒర్రాలె. ఒర్రుకుంట ప్రేమగ ఏం మాట్లాడుతరు చెప్పు? ఎదురుంగ ఉన్న మనిషితోని మాట్లాడక చస్తున్న బేటా. గా మిషన్లకు నా తాన అంత లేదు. గీ డబ్బకు వస్తదా?"

వస్తువు చూడకుండా ధర చెప్పకూడదన్నది నా నియమం. చెప్పకుండా ఉంటే నా సొమ్మేం పోయింది? కానీ ఆ మొహం చూసి ఆగలేకపోయాను. అది ఒక్కటే కారణమైతే బాగుండేది. నాకు తెలిసిన విద్య ఆయన ముందు ప్రదర్శించాలన్న దురద కూడా ఉంది, అబద్ధమెందుకు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాను.

"వస్తుంది చాచా. రెండు చెవులకూ వస్తుంది, ఫికర్ పెట్టుకోకండి. ఇదిగో ఈ పక్క పసుపెక్కింది చూడండి, దీనివల్ల కొంచెం తగ్గుతుంది. అదే తెల్లగా ఉండి ఉంటేనా!" అని నాలిక చప్పరించాను.

"తెల్లగ ఉంటే ఎక్కువొస్తుండెనా?"

"బాగా ఎక్కువ."

ఆ చప్పరింపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా నోట్లో దుమ్ము పడ. ఆ తర్వాత జాగ్రత్తలు కూడా చెప్పాను. కరెంటు పెట్టొద్దు, మూత విప్పొద్దు, నీళ్లతో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, అట్టపెట్టె పారెయ్యొద్దు. ఆయన ఒక్కోదానికి ఒక్కో వేలు ముడుచుకుంటూ విన్నాడు. ట్రాక్టర్లకు రంగు వేసే మనిషికి, అదీ మా ఇంటి ట్రాక్టరుకు రంగు వేసిన మనిషికి, రంగు వెయ్యొద్దని మాత్రం చెప్పలేదు. నా వాటా ఎంత అని అడిగాడు. మీ దగ్గర వాటా ఏంటి చాచా, ఒక్క పైసా వద్దు, చాచీ చేతి ఖీర్ పెట్టించండి చాలు అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు.

బెంగళూరు ఆయనకు ఫోటోలు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత ఆత్రం నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటే చాలు, నేను అనుకున్న ధరకు పైనే ఇస్తానన్నాడు. తర్వాతి వారం శనివారం స్వయంగా వస్తానన్నాడు. చాచాకు ఫోన్ చేసి చెబితే, అవతల ఆయన పెద్దగా అరిచి చాచీకి చెప్పడం నాకు ఫోన్‌లో వినిపించింది. "చెవులు వస్తున్నయ్! నీ చెవులు వస్తున్నయ్!" అని. వీధి వీధంతా విని ఉంటుంది.

ఆ వారమంతా నేను పనుల్లో పడి అటు పోలేదు. ముందు రోజు శుక్రవారం, నమాజు అయిపోయే వేళ చూసుకుని వెళ్లాను, బెంగళూరు ఆయన వచ్చేలోపు నేనొకసారి చూసి పెడదామని. చాచా తెల్ల కుర్తాలో షెడ్డు ముందర నిలబడి ఉన్నాడు. చాచీ గడప మీద కూర్చుని నన్ను చూసి చెయ్యి ఊపింది. షెడ్డు మధ్యలో ఎత్తు పీట, దాని మీద కొత్త తువ్వాలు కప్పి ఉంది.

"కండ్లు మూస్కో" అన్నాడు చాచా. పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది ఆయన మొహం.

తువ్వాలు తీశాడు.

తెల్లగా ఉంది. మీగడ తెలుపు. ఎక్కడా బుడగ లేదు, చార లేదు, అంచుల్లో ఒక చుక్క ఎక్కువ తక్కువ లేదు. మీటలన్నీ ఒక్కొక్కటి ఊడదీసి, పెట్టెకు రంగు కొట్టి, మళ్లీ పెట్టాడు. కంపెనీ పేరున్న చోట పాత అరబ్బీ అక్షరాలు చెరిగిపోతే, సన్న కుంచెతో తానే రాశాడు, అచ్చులో కంటే అందంగా. ముందు వైపు, ఈ చివర నుంచి ఆ చివరకు, సన్నటి ఎర్ర గీత.

నేను పీట చుట్టూ ఒకసారి తిరిగాను. సంతోషంతో తిరుగుతున్నాననుకున్నాడాయన.

"మూడు దినాలు పట్టింది బేటా. గరుకు నీళ్ల కాయితంతోని రుద్దిన. ప్రైమర్ గొట్టిన. మీద రంగు రెండు కోటింగులు. దమ్మామ్ల షేకుల కార్లకు సుత ఇంత మనసు పెట్టి ఎయ్యలే. కడగలే, ఎండల పెట్టలే, కరెంట్ పెట్టలే, నువ్వు చెప్పినయన్నీ యాది పెట్టుకున్న."

దాన్ని తిరగేసి చూశాను. అడుగున నంబరు చీటీ లేదు, ముచ్చటగా గీకి ఆ చోట కూడా రంగు కొట్టాడు. కోపం నాకు ముందునుంచీ ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ రోజు వచ్చింది ఉత్త కోపం కాదు. తప్పు ఎవరిదో లోపల ఎక్కడో తెలిసిపోయింది, తెలిసింది కాబట్టే అంత గొంతు లేచింది.

"ఎవరు వెయ్యమన్నారు చాచా రంగు? ఎవరు చెప్పారు మీకు? అటక మీద నుంచి దించకుండా ఉన్నా బాగుండేది! మీ చెయ్యి పడకుండా ఉంటే లక్షణంగా అమ్ముడుపోయేది! మీ చేతులతో మీరే ఖరాబు చేసుకున్నారు!"

అన్నీ అన్నాక గానీ ఆగలేదు. ఆయన మొహంలో నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అట్లాగే ఉండి, తర్వాత పోయింది.

"నువ్వే అంటివి గద బేటా" అన్నాడు, చాలా మెల్లగా. "తెల్లగ ఉంటే ఎక్కువొస్తుండె అని. చెవులకైతే ఎట్లాగూ వస్తదంటివి. నువ్వేమో ఒక్క పైసా వద్దంటివి. ఇంకొంచెం ఎక్కువొస్తే నీ చేతుల పెడ్దామనుకున్న."

రంగు వేస్తే ధర పోతుందని, ఈ పిచ్చివాళ్లకు మనిషి చెయ్యి పడని పాతదే కావాలని, ఇప్పుడు చెప్పాను. వారం కింద చెప్పాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

చాచా అంతా వింటూ తువ్వాలు మడతపెట్టాడు. "అంటే నా పని మంచిగ లేదా?" అని అడిగాడు.

"పని ఫస్టుక్లాసు చాచా. అదే..."

"మరి గీకేస్తే? థిన్నర్ పెట్టి తుడిస్తే పొద్దటికల్ల పాతదైతది." అప్పటికే డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. థిన్నర్ తగిలితే ప్లాస్టిక్కే కరిగి జిగురవుతుందని, రుద్దిన కాగితానికే పైపొర పోయిందని, ఇక ఏం చేసినా వెనక్కి రాదని చెప్పాను. ఆ చేతి గోళ్ల కింద ఇంకా తెల్ల రంగు ఉంది. గీత లాగే చెయ్యి.

గడప మీద చాచీ మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. వినబడనివాళ్లు ఎంత గట్టిగా మాట్లాడతారో వాళ్లకు తెలియదు. షెడ్డు రేకులు మోగేలా అంది: "లడాయి ఎందుకు ఇద్దరికి? కొనేటాయన ఎంతకు అడిగితే అంతకే ఇచ్చెయ్యి. నాకు మిషన్ లేకపాయె, ఇన్నేండ్లు గడవలేదా?"

చాచా ఆమె వైపు తిరిగి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అరవలేదు. ఆరేళ్లలో ఆమెతో ఆయన అరవకుండా ఊరుకోవడం అదే మొదలేమో.

రావొద్దని చెప్పినా బెంగళూరు ఆయన శనివారం వచ్చాడు, అప్పటికే బయల్దేరాను, ఒకసారి చూసి పోతానన్నాడు. మంచి మనిషి, మొహం చిట్లించలేదు. ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా రాసి, "ఎంత బాగా వేశారండీ" అన్నాడు. అంతకంటే తిట్టినా నయముండేది. లోపలి బోర్డు పనికొస్తే దాని మట్టుకు ఏదో ఇస్తానన్నాడు. అది ఒక చెవి మిషన్‌లో సగానికి కూడా రాదు. చాచా వద్దన్నాడు. "ఖరాబైన మాల్ నేను ఎవరికి అమ్మలే సాబ్, ఇప్పుడు సుత అమ్మ" అన్నాడు.

నేను అడిగాను, మిషన్లు నేను కొనిస్తాను, అప్పుగానైనా తీసుకోండి అని. బతిమాలాను. నా తప్పే చాచా, నా నోటి తప్పు అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదు బేటా. చెయ్యి నాది" అన్నాడు. నా మాటే నాకు తిరిగిచ్చాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు, నిజంగానే నమ్మి అన్నాడు.

తర్వాత రెండు నెలలు నేను ఆ రోడ్డున పోలేదు. పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ని. ఇంత పిరికివాణ్నని నాకు అప్పుడే తెలిసింది. వానలు పడి, కాలువలు వదిలి, నాట్లు మొదలయ్యాక ఒక రైతు నా షాపుకు వచ్చి కూర్చున్నాడు, పొలం పహాణీ ప్రింటు కోసం. మాటల్లో అన్నాడు:

"గా రంగుల చాచా షెడ్డు మూసిండన్నా. కంప్రెషరు, రంగు గొట్టే గన్నులు అన్నీ బోధన్‌ల ఒకాయనకు అమ్మేసిండు. నా ట్రాక్టర్ ఒక్కటి ఎయ్యవే అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. నా చెయ్యి పడితే ఖరాబైతది, నాతోని కాదు అంటుండు. ఏమైందో ఏమో, గంత హునరు, గంత పనితనమున్న మనిషికి."

నేను ప్రింటరులో కాగితం సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. ఏమైందో నాకు తెలుసు. ఆ సామాను అమ్మి ఏం కొని ఉంటాడో కూడా తెలుసు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందంటే కసిరాను, ఆ తర్వాత చెప్పి ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఏడ్చాను.

వెళ్దాం, ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ మరో పది రోజులు గడిపాను. ఈలోగా చాచీయే వచ్చింది. పొద్దున షాపు తెరిచి ఊడుస్తుంటే ఆటో ఆగింది. ఒక్కతే దిగింది. ఆమె నా షాపు గడప తొక్కడం అదే మొదటిసారి. కుర్చీ తుడిచి వేశాను.

"బాగున్నారా చాచీ!" అని అలవాటు కొద్దీ అరిచాను. ఆమె మొహం ముడుచుకుంది.

"ఒర్రకు బేటా. ఇనబడ్తుంది."

ముసుగు కొంచెం పక్కకు జరిపి చూపించింది. రెండు చెవుల వెనకా చిన్న బూడిద రంగు మిషన్లు. చాలా సంతోషం చాచీ అన్నాను, మామూలు గొంతుతో. తల ఊపింది. నా మామూలు గొంతు ఆమె వినడం అన్నేళ్ల తర్వాత అదే మొదలు. ఆ ముక్క ఆమె అంటుందేమో అనుకున్నాను, అనలేదు. కుడి చెవి మిషన్ తీసి, చేతి రుమాలులో పెట్టి, నా బల్ల మీదికి జరిపింది.

"నువ్వు మిషన్లు జూస్తవు గద. గీ మిషన్ జర జూడు. ఖరాబైనట్టుంది."

"వినిపించట్లేదా?"

"అన్ని ఇనబడ్తున్నయ్. కుక్కర్ సీటీ ఇనబడ్తుంది. మసీదుల అజాన్ ఇనబడ్తుంది. రోడ్డు మీద లారీలు, పక్కింటోళ్ల లడాయి, రేకుల మీద వాన, అన్ని. మీ చాచా మాటనే ఇనబడ్తలేదు. పొద్దుగాల లేస్తడు, ఎదురుంగ కూసుంటడు, నా దిక్కే జూస్తడు. నేను ఒక్క మాట మాట్లాడకుంట, గిన్నెలు సుత చప్పుడు చెయ్యకుంట కూసుంట, ఏమన్న అంటడేమో అని. ఏం ఇనబడ్తలేదు." కాస్త ఆగి, నా మొహంలోకి చూస్తూ అడిగింది: "గా ఒక్క గొంతుకు ఏమన్న సెట్టింగు ఉంటదా బేటా?"

మిషన్ చేతిలోకి తీసుకున్నాను. దీపం కిందికి జరిపి, భూతద్దం పెట్టి చూశాను. బ్యాటరీ తీసి కొలిచాను, నిండుగా ఉంది. చెవిలో పెట్టే చిన్న గొట్టం ఊది చూశాను, ఎక్కడా అడ్డు లేదు. నా చెవికి ఆనించుకుంటే బస్టాండులో కండక్టర్ల కేకలు దగ్గరగా వినిపించాయి. చూడాల్సినవి అయిపోయినా దాన్ని తిప్పుతూనే ఉన్నాను, తల ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి కదా.

"తేలిందా?" అంది.

"మిషన్ మంచిగానే ఉంది చాచీ" అన్నాను.

ఆమె దాన్ని అందుకోలేదు. చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"ఇంకొకసారి జూడు బేటా" అంది.

మళ్లీ చూశాను.